చల్లని తీపి

ఆ వీధిలో అందరూ ఆమెను బిస్కెట్లావిడ అనేవారు. మనుషులు తినే బిస్కెట్టు ఆమె ఒక్కటి కూడా అమ్మి ఎరగదు. చేసేవన్నీ కుక్కలకే. వీధి పిల్లలు "ఒకటి మాకూ పెట్టండి పిన్నీ" అని వెంటపడితే, "ముందు తోక చూపించండి" అనేది.

మొగుడు సరుకుల ఓడ మీద వంటవాడు. ఏడాదిలో చాలా భాగం నీళ్ళ మీదే గడిచిపోతుంది. ఇంట్లో ఉండేది ఆమె, అత్తగారు, చుక్క అనే ముసలి కుక్క. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని ఆ పేరు పెట్టింది అత్తగారే. ఇప్పుడు మూతంతా నెరిసిపోయి ఆ మచ్చ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది. పళ్ళు కూడా రాలిపోయాయి. బిస్కెట్ల ఇంట్లో ఉంటూ బిస్కెట్టు కొరకలేని రాత దానిది.

పని మొదలుపెట్టే ముందు ఆమె కుక్కల ఆస్పత్రికి వెళ్ళి, డాక్టరమ్మను కూర్చోబెట్టి మరీ అన్నీ అడిగి తెలుసుకుంది. గుమ్మడికాయ మంచిది, క్యారెట్టు మంచిది, ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, ఉప్పు వెయ్యని వేరుశెనగ ముద్ద పెట్టొచ్చు. చాక్లెట్టు గడప దాటి రాకూడదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఉల్లి, వెల్లుల్లి పొడి రూపంలో కూడా పనికిరావు. ఈ సంగతులు ఆమె అత్తగారికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

"నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్త కూడా నాకిన్ని ఆంక్షలు పెట్టలేదమ్మాయ్," అని నవ్వేది ముసలావిడ. "పైగా ఆ కుక్కల తిండికి ఉప్పూ లేదు, తీపీ లేదు. ఏం పాపం చేశాయవి?"

"పంచదార వాటికి మంచిది కాదత్తయ్యా."

"నాకూ కాదుగా," అనేదావిడ. ఆవిడకు చక్కెర జబ్బు. నాలుక మాత్రం చిన్నపిల్ల నాలుక. తీపి మాట వినబడితే చాలు, మొహం వెలిగిపోయేది.

ఆ రోజు పొద్దున్నే గుమ్మడికాయ ముద్ద, గోధుమపిండి, గుడ్డు కలిపి పళ్ళెంలో పెట్టింది కోడలు. ఇంతలో పై అంతస్తు నుంచి నీళ్ళు కారుతున్నాయని ఎవరో తలుపు కొట్టారు. పైకి వెళ్ళి, కుళాయి కట్టించి, నాలుగు మాటలు అని, నాలుగు పడి కిందకొచ్చింది. వచ్చేసరికి అత్తగారు పిండిని మెత్తగా పిసికి, గుండ్రంగా చేసి, మీద తడిగుడ్డ కప్పి పెట్టింది. ఆవిడ చేతిలో పిండి ఎప్పుడూ తనకంటే బాగా వస్తుంది. సంతోషించి, ఎముకల ఆకారంలో కోసి కాల్చింది.

ఆ పూట కాల్చినవి రెండే పొట్లాలు. ఒకటి కుట్టుమిషను టీచరమ్మ ఇంటికి. రెండోది రెండు వీధుల అవతల వడ్రంగి షెడ్డుకు. అతని కుక్క పేరు రంపం. దూడంత ఉంటుంది. నిద్రలో గురక పెడితే చెక్క కోస్తున్నట్టే ఉంటుందని ఆ పేరు. వడ్రంగి ఒంటరివాడు. మనుషులతో మాట్లాడాలంటే మాటకు మేకు కొట్టినట్టు ఒక్కో ముక్కా విరిచి మాట్లాడతాడు. ఆ కుక్కతో మాత్రం గంటల తరబడి కబుర్లు చెబుతాడు. పొట్లం అందుకుని, "రంపానికి ఇవంటే పిచ్చి," అన్నాడు. అతని నోటి నుంచి అంతకంటే పొగడ్త ఎవరూ వినలేదు.

ఇంటికొచ్చి టీ పెట్టుకుంది. విరిగిన బిస్కెట్టు ముక్కలు పళ్ళెంలో మిగిలాయి. అలవాటుగా ఒకటి నోట్లో వేసుకుంది.

తియ్యగా ఉంది.

గుమ్మడికాయ తీపి కాదు. పంచదార తీపీ కాదు. నాలుక మీద పుదీనా పెట్టినట్టు ఒక చల్లదనం పాకింది. వేడి టీ పక్కన పెట్టి ఇంకో ముక్క నమిలింది. మళ్ళీ అదే. తీపి, దాని వెనకాలే చలి.

"అత్తయ్యా!"

ముసలావిడ తలుపు పక్కనే నిలబడి ఉంది, పరీక్ష ఫలితం కోసం చూస్తున్న పిల్లలా. "ఎలా ఉన్నాయి?" అంది.

"ఇందులో ఏం కలిపారు?"

"చెప్పుకో చూద్దాం." ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "పంచదార కాదులే. అది వాటికి మంచిది కాదన్నావుగా. మన అమ్మాయి నా కోసం పంపిన డబ్బా ఉంది చూడు, అది వేశాను. చక్కెర జబ్బోళ్ళు కూడా తినొచ్చట. నాకే మంచిదైతే వాటికి మంచిది కాదా? ఒక గిన్నెడు వేశాను."

"ఆ డబ్బా ఏది?"

అత్తగారు గదిలోకి వెళ్ళి తెచ్చింది. ఆడపడుచు పోయిన వారం పంపిన పార్సెల్‌లోది. కోడలు ఇప్పటిదాకా దాన్ని కంటితో చూడలేదు. తెల్లటి డబ్బా, దాని మీద పచ్చటి ఆకు బొమ్మ. చెట్టు బెరడు నుంచి తీసిన సహజమైన తీపి అని పెద్ద అక్షరాలు. డబ్బా తిప్పి చూసింది. వెనక చిన్న అక్షరాల్లో ఒకే ఒక్క మాట ఉంది. జైలిటాల్.

ఆమె డబ్బాను కళ్ళ దగ్గరికి తెచ్చి ఆ మాట మళ్ళీ చదివింది.

వేరుశెనగ ముద్ద సీసా కొన్న ప్రతిసారీ ఆమె భూతద్దం పెట్టి వెతికేది ఈ మాట కోసమే. "ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి," అని డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. "చాక్లెట్టు కంటే చెడ్డది. కాస్తంత చాలు." చాక్లెట్టు గురించీ ద్రాక్ష గురించీ అత్తగారికి చెవినిల్లు కట్టుకుని పోరింది గానీ, ఇంట్లో లేని వస్తువు గురించి ఎందుకులే అని ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

"ఇది విషం అత్తయ్యా!" అని అరిచింది. "కుక్కలకి విషం! చంపేస్తుంది! ఎంత పని చేశారండీ!"

ముసలావిడ మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, అక్కడే గడ్డకట్టింది. ఏదో చెప్పబోయి పెదవులు కదిపింది. కోడలు వినే స్థితిలో లేదు. ఫోను తీసుకుని అప్పటికే మెట్లు దిగుతోంది.

కుట్టుమిషను టీచరమ్మ రెండో మోతకే ఎత్తింది. పొట్లం ఇంకా విప్పలేదు, బీరువా మీదే ఉంది. "కట్టిన దారం కూడా తియ్యలేదమ్మా, ఏమైంది?" అంది. "తియ్యకండి. కుక్కకి అందనీకండి. నేనొచ్చి తీసుకుంటాను," అని చెప్పి పెట్టేసింది. సగం ఊపిరి వెనక్కొచ్చింది.

వడ్రంగి ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. నడక పరుగైంది. చెప్పు ఒకటి తెగితే రెండోది కూడా అక్కడే విప్పేసి పరిగెత్తింది. దారిలో ఎవరో పలకరించారు. ఎవరో ఆమెకు తెలియలేదు. ఆ డబ్బాలోంచి తెల్లటి పొడి గిన్నెలోకి జారుతున్న చప్పుడు ఒక్కటే చెవుల్లో ఉంది, తను వినని చప్పుడు.

షెడ్డుకు తాళం వేసి ఉంది.

ముందంతా ఇనుప జాలీ. దానికి మొహం ఆనించి లోపలికి చూసింది. రంపపు పొట్టు, వరసగా నిలబెట్టిన చెక్కలు, సగం అయిన తలుపు ఒకటి. ఎక్కడో బల్ల మీద ఫోను మోగుతోంది, తను చేస్తున్నదే. నేల మీద పొట్లం కాగితం చీలికలై పడి ఉంది. ఒక్క బిస్కెట్టు కూడా కనబడలేదు.

"రంపం! రంపం!"

చెక్కల వెనక నుంచి కుక్క లేచింది. మామూలుగా ఆమె వాసన తగిలితే తోకతో సామాన్లు పడగొట్టే కుక్క. ఇప్పుడు ముందు కాళ్ళు ఒక వైపు, వెనక కాళ్ళు ఒక వైపు వెళ్తున్నాయి. రెండడుగులు వేసి గోడకు గుద్దుకుంది. ఆమె వైపు చూసింది గానీ చూపు ఆమె మీద నిలవలేదు, ఆమె వెనక ఎవరో ఉన్నట్టు చూసింది. నోట్లోంచి జిగురుగా కారింది. తరవాత ముందు కాళ్ళు మడతపడి పొట్టులో కూలిపోయింది.

ఆమె జాలీ పట్టుకుని ఊపింది. అది కదల్లేదు.

పక్కనే టైర్ల షాపు. చక్రం విప్పుతున్న అతను తలెత్తి, "ఏంటక్కా?" అన్నాడు.

"మేస్త్రి ఎక్కడ? తాళం కావాలి!"

"బడిలో బల్లలు బిగిస్తున్నాడు. సాయంత్రానికి గానీ రాడు. తాళం ఆయన నడుముకే ఉంటుంది."

"కుక్క చచ్చిపోతోంది! తాళం పగలగొట్టండి!"

అతను లేచొచ్చి లోపలికి చూశాడు, వెనక్కి తగ్గాడు. "అమ్మో, నా వల్ల కాదక్కా. ఆయన కోపం మీకు తెలీదు. ఒకసారి ఆయన ఉలి ముట్టుకున్నానని ఆర్నెల్లు మాట్లాడలేదు. మనిషిని పంపిస్తాను, ఆయన వచ్చాక..."

వచ్చాక. ఆ మాట ఆమె చెవిలో పడింది కానీ లోపలికి దిగలేదు. నేల మీద టైర్లు విప్పే ఇనుప కడ్డీ ఉంది. వంగి తీసుకుంది. తాళం వంపులో దూర్చి, ఒళ్ళంతా దాని మీద వేసి నొక్కింది. చర్మం లేచిపోయింది గానీ తాళం లేవలేదు. రెండోసారి నొక్కేటప్పుడు ఇంకో రెండు చేతులు కడ్డీ మీద పడ్డాయి.

"నేనే పగలగొట్టానని మాత్రం చెప్పకండి," అని గొణిగాడు టైర్ల అతను. తాళం కొండీ ఊడి ఇద్దరూ వెనక్కి పడ్డారు.

దూడంత కుక్కను ఇద్దరూ కలిసి అతని చిన్న వ్యానులో పడేశారు. ఆమె వెనకాల దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా దాని కాళ్ళు కొట్టుకున్నాయి, ఉన్నట్టుండి ఆగాయి. ఆగినప్పుడల్లా ఆమె దాని ఛాతీ మీద చెయ్యి పెట్టి గుండె వెతుక్కుంది. తన గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, చేతికి తగిలేది దానిదో తనదో తెలియలేదు.

కుక్కల ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒక్క చూపు చూసి బల్ల మీద పడుకోబెట్టమంది. "ఏం తింది?"

"జైలిటాల్. బిస్కెట్లలో. నా బిస్కెట్లలో."

"ఎంత?"

"పొట్లం అంతా."

డాక్టరమ్మ కుక్క చెవి నుంచి రక్తపు బొట్టు తీసి చూసింది. మిషను మీద వచ్చిన అంకె చూసి ఆమె పెదవులు బిగుసుకున్నాయి. ముందు కాలి మీద జుట్టు గొరిగి, సూది గుచ్చి, చక్కెర నీళ్ళు నేరుగా రక్తంలోకి ఎక్కించింది. చేతులు పని చేస్తూనే ఉన్నాయి, మాట చల్లగా వచ్చింది.

"మనిషికి ఇది ఏమీ చెయ్యదు. కుక్క ఒళ్ళు మోసపోతుంది. నిజం చక్కెరే వచ్చిందనుకుని ఇన్సులిన్ గుమ్మరిస్తుంది. రక్తంలో ఉన్న చక్కెర కాస్తా ఊడ్చుకుపోతుంది. అందుకే ఈ తూలడం, ఈ మూర్ఛ. ఇది మొదటి గండం. ఇది దాటినా కాలేయం ఉంది. అది చెడుతుందో లేదో రెండు మూడు రోజులకి గానీ తెలీదు."

కుక్క కళ్ళు కాసేపటికి తిరగడం మానేశాయి. తోక కొస ఒక్కసారి బల్లకు తగిలింది. ఆ చిన్న చప్పుడుకు బిస్కెట్లావిడకు ఏడుపు తన్నుకొచ్చింది.

"వేరే ఎవరికైనా ఇచ్చారా?"

"టీచరమ్మకి. ఆవిడ విప్పలేదు."

"మీ చుక్క?"

"దానికి పళ్ళు లేవుగా. అది బిస్కెట్లు..." అంటూ ఆగిపోయింది.

పిండి పిసికింది ఎవరు? చుక్క ఎప్పుడూ కూర్చునేది ఎవరి కాళ్ళ దగ్గర? తను అరిచినప్పుడు, ఆ పెదవులు కదిపి ఏం చెప్పబోయింది?

చేతిలో ఫోను అప్పుడే మోగింది. అత్తగారు. ఆవిడ ఫోను చెయ్యడమే అరుదు. మీట ఎక్కడ నొక్కాలో ఇప్పటికీ అడుగుతుంది.

"అమ్మాయ్," అంది. గొంతు ఎవరిదో లాగుంది. "నేను దానికి పచ్చిపిండి ముద్ద పెట్టాను. పాలల్లో నానబెట్టి. కొరకలేదు కదా అని. నువ్వు అరిచినప్పుడు చెబుదామనుకున్నాను తల్లీ, నోరు రాలేదు. ఇప్పుడు తూలుతోంది."

"చుక్క కూడా తింది," అంది బిస్కెట్లావిడ డాక్టరమ్మతో. డాక్టరమ్మ ఫోను లాక్కుని స్పీకరు పెట్టింది. "అమ్మా, స్పృహలో ఉందా?"

"ఉంది. వణుకుతోంది. మొన్నామధ్య స్నానాల గదిలో నాకు చక్కెర పడిపోయినప్పుడు నేనూ ఇట్లాగే వణికాను. అప్పుడు అమ్మాయి నా నోట్లో తేనె రాసింది. అందుకని నేనూ దీని చిగుళ్ళకి తేనె రాశాను. తప్పా? ఇదీ తప్పేనా డాక్టరుగారూ?"

"తప్పు కాదు. మంచి పని చేశారు. నోట్లో పొయ్యకండి, పొలమారుతుంది. చిగుళ్ళకే రాస్తూ ఉండండి. వెంటనే తీసుకురండి."

"వస్తున్నాను," అంది ముసలావిడ.

ఒక్కతే వీధి చివరి దాకా కూడా వెళ్ళని మనిషి. మోకాళ్ళు నొప్పులు. కోడలు ఆస్పత్రి గుమ్మంలో నిలబడి దారి చూసింది. ప్రతి బండీ తమ ఇంటి వైపు నుంచే వస్తున్నట్టుంది, ఏదీ ఆగట్లేదు. మెట్ల మీద పడిపోయిందేమో. దారి తప్పిందేమో. ఆవిడ చక్కెర కూడా ఈ కంగారులో పడిపోయిందేమో. తనెందుకు అంతలా అరిచింది? ఆ ఒక్క నిమిషం ఆగి ఏమిటని అడిగి ఉంటే, చుక్క ఈపాటికి పక్క బల్ల మీద ఉండేది.

చివరికి ఒక బాడుగ కారు ఆగింది. తలుపు తెరుచుకుని అత్తగారు దిగింది, శాలువాలో కుక్కను పసిబిడ్డలా చుట్టుకుని. ఇంట్లో వేసుకునే చెప్పులే కాళ్ళకున్నాయి. వేళ్ళన్నీ తేనె. ఒక వేలు ఇంకా చుక్క పెదవి కింద కదులుతూనే ఉంది. కోడలు కుక్కను అందుకోబోతే ఆవిడ వెంటనే వదల్లేదు.

"నేనే చంపాను కదూ," అంది.

"ఇంకా బతికే ఉంది అత్తయ్యా. ఇటివ్వండి."

రెండు బల్లలు, రెండు సూదులు. వాటి మధ్య ఉన్న పీట మీద అత్తాకోడళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

వడ్రంగి వచ్చినప్పుడు ముందు అతని బూట్ల చప్పుడు వినబడింది. టైర్ల అతను పంపిన మనిషి ఏం చెప్పాడో ఏమో, ఒంటి నిండా చెక్కపొడితో వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా సరాసరి రంపం దగ్గరికి వెళ్ళి, దాని చెవి పట్టుకుని నిలబడ్డాడు. కుక్క అతని చెయ్యి నాకింది. అప్పుడు వెనక్కి తిరిగాడు.

"తాళం ఎవరు పగలగొట్టారు?"

"నేను," అంది బిస్కెట్లావిడ.

"ఏం పెట్టారు దీనికి?"

అతని చేతులు పెద్దవి. ఒక చేతిలో ఇంకా సుత్తి ఉంది, పట్టుకున్న సంగతి అతనికే గుర్తు లేనట్టుంది. "నా పొరపాటు మేస్త్రి గారూ," అంది. "పిండిలో పడకూడనిది పడింది. నేను చూసుకోలేదు."

"ఆమె కాదయ్యా." అత్తగారు పీట పట్టుకుని లేచింది. "వేసింది నేను. తియ్యగా ఉంటే ఇష్టంగా తింటాయని వేశాను. మా కోడలికి తెలీదు. దాన్నేమీ అనకు."

వడ్రంగి ముసలావిడను చూశాడు. తేనె అంటిన ఆవిడ చేతులు చూశాడు. పక్క బల్ల మీద శాలువాలో ఉన్న చుక్కను చూశాడు. దవడ కండ ఒకటి బిగిసి వదిలింది, మళ్ళీ బిగిసింది. బిస్కెట్లావిడ సుత్తి మీంచి చూపు తిప్పలేకపోయింది.

"మీరు కూర్చోండి," అన్నాడు ఆవిడతో. అంతే అన్నాడు. ఆ తరవాత వాళ్ళిద్దరితో ఒక్క మాట మాట్లాడలేదు. నేల మీద, రంపం బల్ల కింద, వీపు గోడకు ఆనించి కూర్చుండిపోయాడు.

ఆ మొదటి గండం రెండు కుక్కలూ దాటాయి. చీకటి పడకముందే చుక్క లేచి నీళ్ళు తాగింది. అత్తగారు దాన్ని చూసి ఏడ్చిన ఏడుపు చూసి డాక్టరమ్మ కూడా మొహం పక్కకు తిప్పుకుంది. కానీ ఇళ్ళకు పంపించలేదు. చక్కెర మళ్ళీ పడిపోవచ్చని, కాలేయానికి మందులు ఇవ్వాలని అక్కడే ఉంచుకుంది.

తరవాతి రోజులు బిస్కెట్లావిడ బతికిందని చెప్పడానికి లేదు. తిన్నా రుచి తెలియదు, పడుకున్నా రెప్ప పడదు. పొద్దున్న లేవగానే అత్తాకోడళ్ళు ఆస్పత్రికి బయల్దేరేవారు. రక్తం తీసేవారు, పరీక్షకు పంపేవారు. ఫలితం వచ్చేదాకా గోడ మీది బొమ్మలో ఉన్న కుక్కపిల్లను చూస్తూ కూర్చునేవారు. తలుపు తెరుచుకుని డాక్టరమ్మ వస్తే చాలు, మొదట ఆమె మొహం వెతికేవారు. అవతలి మూల వడ్రంగి. అతనూ అంతే. మాటలు లేవు గానీ ముగ్గురి కళ్ళూ ఆ తలుపు మీదే.

ఇంటికొస్తే మరీ భయం. వంటింట్లో ప్రతి డబ్బా ఇప్పుడు ఆమెకు శత్రువులా కనబడింది. పిండి డబ్బా మూత తీసి వాసన చూసేది, చిటికెడు నాలుక మీద వేసుకునేది, నమ్మకం చాలక ఇంకో చిటికెడు. చివరికి అన్నీ చెత్తబుట్టలో గుమ్మరించింది. అత్తగారు ఆ చప్పుళ్ళు గదిలోంచి వినేది. ఆవిడ అన్నం సగంలో వదిలేస్తోంది. మందులు వేసుకుందో లేదో అడిగితే తల ఊపేది. ఒకరోజు దిండు కింద మాత్రలు కనబడ్డాయి, వేసుకోనివి.

"ఇదేంటత్తయ్యా?"

"నాకెందుకులే తల్లీ ఇంకా."

కోడలికి ఆ మాటకు కుక్కలకేమవుతుందోనన్న దాన్ని మించిన భయం పట్టుకుంది. మాత్రలు అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు ఇచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడింది. "మీకేమైనా అయితే మీ అబ్బాయికి నేనేం చెప్పాలి? ఓడ దిగి వచ్చేసరికి కుక్క ఆస్పత్రిలో, అమ్మ మంచంలో అని చెప్పమంటారా?" అంది.

మూడో రోజు రంపం కాలేయం కోలుకుంటున్నట్టు తేలింది. వయసులో ఉన్న కుక్క, తట్టుకుంది. డాక్టరమ్మ ఆ మాట చెప్పగానే వడ్రంగి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. అది నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు.

చుక్క కళ్ళల్లో తెల్లగుడ్డు పసుపు పచ్చగా మారింది. చిగుళ్ళు కూడా.

"వయసైపోయింది," అంది డాక్టరమ్మ మెల్లగా. "తిన్నది తక్కువే. కానీ దాని కాలేయంలో అంత సత్తువ లేదు. నొప్పి తెలియకుండా మాత్రం చూడగలను."

అత్తగారు కుక్క తల ఒళ్ళో పెట్టుకుంది. ఎప్పుడూ దానికి చెప్పే కబుర్లే చెప్పింది. పక్కింటి పిల్లి ఎంత పొగరుబోతో, కొడుకు ఏ రేవులో ఉన్నాడో, వానొస్తే ఆరేసిన బట్టలు ఎవరు తియ్యాలో. చుక్క చెవి ఆ మాటల వైపే తిరిగి ఉంది. కాసేపటికి చెవి అలాగే ఉంది గానీ, వినడం లేదు.

వడ్రంగి లేచి దగ్గరికొచ్చాడు. ఏదైనా అంటాడేమోనని బిస్కెట్లావిడ ఒళ్ళు బిగబట్టుకుంది. అతను వంగి, చుక్క నుదుటి మీద ఒక వేలుతో రాసి, "మంచి కుక్క," అన్నాడు. ఆ తరవాత రంపాన్ని తీసుకుని వెళ్ళిపోయాడు. తాళం గురించి మళ్ళీ అడగలేదు. ఆమె దగ్గర బిస్కెట్లూ మళ్ళీ కొనలేదు. ఎదురుపడితే తల ఊపేవాడు. రంపం మాత్రం ఏమీ జరగనట్టు ఆమె మీదకు గెంతబోయేది, అతను పట్టీ కాస్త దగ్గరికి లాక్కునేవాడు. ఆ లాగుడు చూసిన ప్రతిసారీ ఆమె చాచిన చెయ్యి వెనక్కి తీసుకునేది. తప్పు పట్టడానికి మాత్రం మనసొప్పేది కాదు.

ఆమె తన దగ్గర కొనే ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. అత్తగారి పేరు దాచింది, అత్తగారే వెనకాల వచ్చి బయటపెట్టింది. కొందరు మానేశారు. కొందరు తమ ఇళ్ళల్లో ఆ పేరున్న డబ్బాల కోసం వెతుక్కున్నారు. కుట్టుమిషను టీచరమ్మ ఇంట్లో బబుల్‌గమ్ పొట్లం మీద అదే మాట దొరికింది. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో తేలును పట్టుకున్నట్టు పట్టుకెళ్ళి పారేసింది.

చాలా వారాల తరవాత టీచరమ్మే పట్టుబట్టి అడిగితే, కొత్త పిండి, కొత్త గిన్నెలతో మళ్ళీ పని మొదలుపెట్టింది. గుమ్మడికాయ కోస్తూ తలెత్తి చూస్తే, అత్తగారు వంటింటి గుమ్మం అవతల నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ మంచినీళ్ళు కావాలన్నా ఆవిడ లోపలికి రావడం లేదు.

"లోపలికి రండి అత్తయ్యా. పిండి పిసకాలి."

"నేను రానమ్మాయ్. నాకు భయం."

"నాకూ భయమే."

ముసలావిడ ఆమెను చూసింది. అబద్ధం చెప్పి బుజ్జగిస్తుందనుకున్నట్టుంది. మెల్లగా గడప దాటి వచ్చింది. రెండు అరచేతులూ ముందుకు చాపి, తిప్పి చూపించింది, తడిగా, ఖాళీగా. చూపించమని కోడలు అడగలేదు. అయినా ఆ చేతుల వైపు చూడకుండా ఉండలేకపోయింది. చూసినందుకు సిగ్గుపడి, పిండి పళ్ళెం ఆవిడ ముందుకు జరిపింది.

అత్తగారు పిసకడం మొదలుపెట్టింది. కోడలు తన పని మానేసి పక్కనే నిలబడింది, చివరిదాకా.